కాఫీ మీద మూడు సెంట్లు

1846 ఆగస్టు 3న ఇల్లినాయ్ రాష్ట్రం ఏడో నియోజకవర్గం ఓటర్లు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రాక్టీసు చేస్తున్న ఒక వకీలును అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నుకున్నారు. ఓడినాయన పీటర్ కార్ట్‌రైట్, ఊరూరా తిరిగి బోధ చేసే పేరున్న మెథడిస్టు ప్రచారకుడు. గెలిచినాయన అబ్రహాం లింకన్, వయసు 37. ఆ రోజుల్లో గెలిచినవాళ్లు సభలో కూర్చోవడానికి చాలాకాలం ఆగాల్సి వచ్చేది. కొత్త కాంగ్రెస్ మొదలైంది 1847 డిసెంబరు 6న. ఈ పదహారు నెలల్లో లింకన్ కోర్టుల చుట్టూ తిరుగుతూనే, అరఠావు కాగితాలు ముందేసుకుని, విదేశీ సరుకు మీద సుంకం వెయ్యాలా వద్దా అని తనలో తాను వాదించుకున్నాడు. వాదించుకున్నది రాసిపెట్టుకున్నాడు. ఆ కాగితాలు ఇవాళ్టికీ ఉన్నాయి.

అవి ప్రసంగం కావు, వ్యాసమూ కావు. వరస కుదరని తునకలు. ఒకచోట తర్కం, ఒకచోట లెక్క, మధ్యలో బైబిలు. అధ్యక్షుడు కాకముందు పద్నాలుగేళ్ల నాటి రాత కాబట్టి అందులో పదవి బరువు లేదు, ఓటర్లను మెప్పించాలన్న తొందర కూడా లేదు. లింకన్ కార్యదర్శులుగా పనిచేసిన నికొలే, హే ఇద్దరూ 1894లో ఆయన రచనల సంపుటాలు వేసినప్పుడు వీటిని అచ్చులోకి తెచ్చారు. అసలు రాతలు కొడుకు రాబర్ట్ లింకన్ దాచిన పత్రాలతో పాటు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. తాను పోయాక 21 ఏళ్లదాకా తండ్రి పత్రాలు ఎవరికీ చూపించకూడదని రాబర్ట్ షరతు పెట్టాడు. ఆ గడువు తీరి 1947 జులై 26న పెట్టెలు తెరిచారు.

సుంకాల గొడవ ఆయనకు అప్పుడే ఎందుకు పట్టింది? 1846 వేసవిలో అధ్యక్షుడు జేమ్స్ పోక్ ప్రభుత్వం దిగుమతి సుంకాలను బాగా తగ్గించింది. ఆర్థిక మంత్రి రాబర్ట్ వాకర్ పేరు మీద దాన్ని వాకర్ టారిఫ్ అంటారు. బిల్లు మీద సెనేట్‌లో ఓట్లు సరిసమానంగా చీలిపోతే సభాధ్యక్షుడి హోదాలో ఉపాధ్యక్షుడు జార్జ్ డల్లాస్ తన ఓటు వేసి గట్టెక్కించాడు. డల్లాస్‌ది పెన్సిల్వేనియా, ఇనుప కొలుముల రాష్ట్రం. సొంత రాష్ట్రంలో ఆయన ముఖం చూపించుకోలేని పరిస్థితి వచ్చింది. అదే వేసవిలో అట్లాంటిక్‌కు అవతల బ్రిటన్ తన ధాన్యం చట్టాలను ఎత్తేసింది. రెండు తీరాల్లోనూ గాలి స్వేచ్ఛా వాణిజ్యం వైపు తిరిగింది. విగ్ పార్టీ మనిషి లింకన్‌కు ఇది మింగుడుపడలేదు. ఆయన రాజకీయ గురువు హెన్రీ క్లే జీవితమంతా మోసిన జెండా రక్షణ సుంకాలదే. విదేశీ సరుకు మీద సుంకం వేసి, దేశంలో కార్ఖానాలు పెంచి, ఆ డబ్బుతో రోడ్లు వేయించి, కాలవలు తవ్వించాలన్నది క్లే పథకం.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. అప్పటి అమెరికా ప్రభుత్వానికి ఆదాయప్పన్ను లేదు. అంతర్యుద్ధానికి ముందు ఏడాది, 1860లో, కేంద్ర ఖజానాకు వచ్చిన రాబడిలో 90 శాతానికి పైగా కస్టమ్స్ సుంకాలే. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడైన కొత్తలో సంతకం చేసిన చట్టాల్లో 1789 జులై 4 నాటి సుంకాల చట్టం ఒకటి. అంటే సుంకం ఎంత అన్న ప్రశ్న, ప్రభుత్వాన్ని ఎవరు పోషించాలి అన్న ప్రశ్న, రెండూ ఒకటే.

ఆ ప్రశ్నకు లింకన్ అంతకు ముందే ఒక గడుసు జవాబు ఇచ్చాడు. 1843 మార్చిలో ఇల్లినాయ్ విగ్‌ల తరఫున మరో ఇద్దరితో కలిసి ఒక బహిరంగ లేఖ తయారుచేశాడు. సుంకమైతే నాలుగు రేవుల్లో కొద్దిమంది ఉద్యోగులు వసూలు చేస్తారు, నేరుగా జనం మీద పన్ను వేస్తే వసూలుదారులు మిడతల దండులా పల్లెల మీద పడతారు అన్నది అందులో ఒక వాదన. రెండోది ఇంకా చురుకైనది. ఇంగ్లండు కోట్లు, పంట్లాములు తొడుక్కుని ఠీవిగా తిరగాలనుకునే కొద్దిమందే సుంకం కడతారు, ఇంట్లో వడికి నేసిన బట్ట కట్టే రైతుకూ కూలీకీ దాని సెగ తగలదు అని. ఎన్నికల కరపత్రానికి ఈ మాట భేషుగ్గా ఉంటుంది. ఇల్లినాయ్ రైతు నాగలి కర్రుకు కూడా ఇనుము కావాలన్న సంగతి కరపత్రాల్లో ఎవరూ రాయరు. నాలుగేళ్ల తరవాత తన కోసం తాను రాసుకున్న కాగితాల్లో లింకన్ ఆ ఇనుము దగ్గరికే నేరుగా వెళ్లాడు.

ఆయన వాదన శ్రమతో మొదలవుతుంది. చెమటోడ్చి తిండి తినమని ఆదిమానవుడికి దేవుడు చెప్పిన మాట బైబిలు తొలి పుస్తకంలో ఉంది. లింకన్ దాన్ని పునాదిగా వేసుకున్నాడు. మంచివన్నీ శ్రమతో పుడతాయి, కనుక న్యాయంగా శ్రమించినవాడికే చెందాలి. కానీ లోకంలో ఒకరు శ్రమిస్తుంటే, ఏ పనీ చెయ్యని మరొకరు ఫలంలో పెద్దవాటా తింటున్నారు. ఇది తప్పు. ప్రతి కష్టజీవికీ తన కష్టఫలం పూర్తిగా, లేదా వీలైనంత దగ్గరగా, దక్కేలా చూడడమే మంచి ప్రభుత్వం పెట్టుకోదగ్గ లక్ష్యం. ఇదీ ఆయన రాసుకున్న సారాంశం. సుంకాల మీద రాసే మనిషి ఇంత దూరం నుంచి మొదలుపెట్టడం వింతగానే ఉంటుంది.

అక్కణ్ణుంచి మనుషుల కాలాన్ని మూడుగా విడగొట్టాడు: పనికొచ్చే శ్రమ, పనికిరాని శ్రమ, సోమరితనం. మొదటిదే గౌరవించదగ్గది, మిగతా రెండూ దాని మీద పడి బతుకుతాయి. మరి పనికిరాని శ్రమ ఏది? ఒక వస్తువును వాడుకునే చోటే అంతే శ్రమతో సరిపడా తయారుచేసుకునే వీలున్నప్పుడు, దాన్ని ఎక్కణ్ణుంచో మోసుకురావడం. ఇనుమును అమెరికాలో ప్రపంచంలో ఇంకెక్కడైనా అయ్యేంత తక్కువ శ్రమతోనే తయారుచేయవచ్చు, కాబట్టి ఇంగ్లండు నుంచి ఇనుము ఓడల్లో తేవడం వృథా ప్రయాస అని తేల్చాడు. రైతు మిగులు పంట పక్కనున్న కొలిమివాడికి ఇచ్చి ఇనుము తెచ్చుకుంటే మధ్యలో మోతఖర్చు ఇద్దరికీ మిగులుతుంది కదా అన్నాడు. దూది సంగతి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అమెరికాలో పండిన దూది ఇంగ్లండు పోయి, అక్కడ వడికి, నేసి, రంగులద్ది, మళ్లీ సముద్రం దాటి వచ్చి, అది పండిన దేశంలోనే ఒంటి మీదికి ఎక్కుతోంది. ఇక్కడ నీటిబలం లేదా, ఆవిరిబలం లేదా, ప్రకృతి ఏమైనా అడ్డుపడిందా అని వరసగా ప్రశ్నలు వేశాడు. జ్యూరీ ముందు సాక్షిని నిలదీసే వకీలు గొంతు అది.

చదువుతుంటే బిగి ఉంది. కానీ వాదన బరువంతా ఒక్క షరతు మీద నిలబడింది: ‘అంతే తక్కువ శ్రమతో’. ఈ షరతును ఆయన నిరూపించలేదు, ఊరికే ప్రకటించాడు. బ్రిటన్ కొలుములు అప్పటికి దశాబ్దాలుగా బొగ్గు నుంచి తీసిన కోకుతో నడుస్తున్నాయి. అమెరికా కొలుముల్లో ఎక్కువ భాగం అడవులు కొట్టి కాల్చిన కర్రబొగ్గు మీదే ఆధారపడ్డాయి. వేల్స్ నుంచి వచ్చిన డేవిడ్ థామస్ పెన్సిల్వేనియాలో గట్టిరకం రాక్షసిబొగ్గుతో లాభసాటిగా ఇనుము తియ్యడం మొదలుపెట్టింది 1840లోనే. పైగా 1817లోనే డేవిడ్ రికార్డో ఇంకో చిక్కుముడి వేసి పెట్టాడు. పోర్చుగల్ ద్రాక్షసారా, గుడ్డ రెండూ ఇంగ్లండు కంటే తక్కువ శ్రమతో చేసుకోగలిగినా, ద్రాక్షసారా మీదే చెయ్యి పెట్టి గుడ్డను ఇంగ్లండు నుంచి తెచ్చుకోవడం దానికే లాభం అని చూపించాడు. లింకన్ కాగితాల్లో ఈ చిక్కుకు జవాబు లేదు. చదవక కాదు. స్వేచ్ఛా వాణిజ్యం వైపు మొగ్గిన ఫ్రాన్సిస్ వేలాండ్ అర్థశాస్త్ర పుస్తకాన్ని లింకన్ ఇష్టంగా చదివేవాడని ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ చెప్పాడు. చదివి, శ్రమ విలువ గురించిన మాటలు ఉంచుకుని, ముగింపును పక్కన పెట్టినట్టుంది.

ఇంకో తమాషా ఉంది. రవాణాను పనికిరాని శ్రమ అన్న ఈ మనిషి జీవితం మొత్తం రవాణాతోనే ముడిపడింది. కుర్రతనంలో 1828లో ఒకసారి, 1831లో ఒకసారి చదును పడవ మీద సరుకు వేసుకుని మిసిసిపీ నది వెంట న్యూ ఓర్లీన్స్ దాకా వెళ్లాడు. రాజకీయాల్లో దిగింది నదులను బాగుచేయించాలని, కాలవలు, రైలుదారులు వేయించాలని. ఇసుక మేటల్లో ఇరుక్కున్న పడవను పైకి తేల్చే ఉపాయానికి 1849 మేలో పేటెంటు తీసుకున్నాడు. అమెరికా అధ్యక్షుల్లో పేటెంటు ఉన్నది ఆయనొక్కడికే. తరవాత రైల్వే కంపెనీల కేసులు వాదించి బాగానే సంపాదించాడు. ఇల్లినాయ్ గోధుమ న్యూయార్క్ వెళ్తే అది పనికొచ్చే శ్రమ, మాంచెస్టర్ వెళ్తే పనికిరాని శ్రమ. ఈ తేడాను అర్థశాస్త్రం గీయదు, దేశపు సరిహద్దు గీస్తుంది. లింకన్ దాన్ని గమనించాడో లేదో ఆ కాగితాలు చెప్పవు.

అయితే అదే కట్టలో ఇంకో పేరా ఉంది. అసలు విలువ దానిది.

అందులో ఆయన రెండు సరుకులను పక్కపక్కన పెట్టాడు. ఒకటి కాఫీ. అది అమెరికాలో పండదు. పౌను కాఫీ మీద 3 సెంట్లు సుంకం వేస్తే ఏమవుతుంది? తాగేవాడు ఒక సెంటు ఎక్కువ ఇచ్చుకుంటాడు. పండించేవాడు ఒక సెంటు తక్కువ పుచ్చుకుంటాడు. మధ్య వర్తకుడు తన లాభంలో ఒక సెంటు వదులుకుంటాడు. భారం ముగ్గురి మీదా పడుతుంది, ఏ ఒక్కరి నెత్తినా కాదు. రెండోది ఇనుము. దేశంలో సులువుగా తయారుచేసుకోగల సరుకు మీద పూర్తి రక్షణ సుంకం వేస్తే, కొన్నాళ్లకు, అదీ ఎక్కువ కాలం పట్టకుండానే, కనీసం సముద్రపు మోతఖర్చు మేరకైనా ధర తగ్గుతుంది అన్నాడు.

ఇనుము సగం ఆశ. కాఫీ సగం పరిశీలన. సుంకం ఎవరు కడతారు అన్న ప్రశ్నకు రాజకీయ నాయకులు చెప్పే జవాబులు రెండే రెండు: ‘విదేశీయుడు కడతాడు’, ‘మన వినియోగదారుడు కడతాడు’. లింకన్ మూడో జవాబు చెప్పాడు. వాటాలు సరిసమానంగా ఉంటాయన్నది లెక్క సులువు కోసం ఆయన వేసుకున్న ఊహే. నిజానికి ఎవరికి వేరే దారి ఉందో వాడి వాటా తగ్గుతుంది, దారి లేనివాడి వాటా పెరుగుతుంది. అర్థశాస్త్రజ్ఞులు ఇవాళ గిరాకీ, సరఫరాల సాగుదల పేరుతో లెక్కగట్టేది దీన్నే. స్కూలు చదువు మొత్తం కలిపినా ఏడాది దాటని మనిషి దీని మూలసూత్రం పట్టుకున్నాడు.

వాషింగ్టన్ చేరాక ఈ కాగితాలు ఉపయోగపడలేదు. అప్పటికి దేశం దృష్టి మెక్సికో యుద్ధం మీద ఉంది. ఆ రెండేళ్లలో లింకన్ పేరు వినిపించింది ఆ యుద్ధాన్ని ప్రశ్నించినందుకే. ఆ తరవాత బానిసత్వం గొడవ మిగతా గొడవలన్నిటినీ వెనక్కి నెట్టింది. 1859 అక్టోబరులో పెన్సిల్వేనియా నుంచి ఎడ్వర్డ్ వాలెస్ అనే ఆయన సుంకాల మీద లింకన్ అభిప్రాయం అడిగాడు. తాను పాత క్లే శిష్యుణ్ణేనని, ఒకప్పుడు ఇంకే విషయం మీదా చెయ్యనన్ని ప్రసంగాలు దీని మీదే చేశానని, అభిప్రాయం మారలేదని, కానీ ఇప్పుడు దాన్ని కదపడం మంచిది కాదని లింకన్ జవాబు రాశాడు. మరుసటి ఏడాది షికాగోలో లింకన్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టిన రిపబ్లికన్లు తమ ప్రణాళికలో సుంకాల వాక్యం చేర్చినప్పుడు పెన్సిల్వేనియా ప్రతినిధులు ఎగిరి గంతులేశారు. ఆ రాష్ట్రం ఓట్లు లేకుండా గెలుపు కష్టం.

1861 ఫిబ్రవరి 15. అధ్యక్షుడిగా ప్రమాణం చెయ్యడానికి వెళ్తున్న లింకన్ దారిలో పిట్స్‌బర్గ్‌లో ఆగాడు. ఇనుము ఊరు కదా, సుంకాల మీద ఏదో ఒకటి చెప్పక తప్పదు. ప్రభుత్వానికి టారిఫ్ అంటే సంసారానికి పిండిడబ్బా లాంటిది, ఖాళీ అయినప్పుడల్లా నింపుకోవాల్సిందే అన్నాడు. తరవాత ఎవరూ ఊహించని మాట అన్నాడు. ఈ విషయంలోని అన్ని కోణాలూ తనకు పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకున్నాడు. పద్నాలుగేళ్ల కింద ఠావులు నింపిన మనిషి! దీన్ని తప్పించుకునే ఎత్తుగడ అనేవాళ్లున్నారు. ఒకసారి కూర్చుని లెక్క వేసి చూసినవాడికే ఈ లెక్క ఎంత చిక్కైనదో తెలుస్తుందని కూడా అనుకోవచ్చు.

కొద్దిరోజులకే, మార్చి 2న, దిగిపోబోతున్న అధ్యక్షుడు బుకానన్ మోరిల్ టారిఫ్ మీద సంతకం చేశాడు. సుంకాలు మళ్లీ పైకి లేచాయి. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి వాటి సెనేటర్లు వెళ్లిపోవడంతోనే ఆ బిల్లు నెగ్గగలిగింది. అటు తిరుగుబాటు రాష్ట్రాలు తమ రాజ్యాంగంలో, పరిశ్రమలను పెంచడానికి సుంకం వెయ్యకూడదని రాసుకున్నాయి. తరవాత యుద్ధం వచ్చింది, ఖజానా అడుగంటింది. 1861 ఆగస్టు 5న లింకన్ సంతకం చేసిన చట్టం కాఫీ మీద పౌనుకు 4 సెంట్లు వేసింది. డిసెంబరులో అది 5 సెంట్లయింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాగితం మీద ఊహించిన 3 సెంట్ల కంటే ఎక్కువే. 1864 చట్టంతో సుంకం పడే సరుకుల మీద సగటు రేటు 47 శాతం దాకా వెళ్లింది. అమెరికా చరిత్రలో మొదటి ఆదాయప్పన్ను కూడా ఆ 1861 ఆగస్టు చట్టంలోనిదే.

ఆ యుద్ధం సెగ గోదావరి డెల్టాకూ తగిలింది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధం చెయ్యడంతో లంకషైర్ మిల్లులకు దూది ఆగిపోయింది. బ్రిటన్ కళ్లు ఇండియా మీద పడ్డాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది. ఆ పత్తికి ‘కోకనాడ’ అన్న వ్యాపారనామమే స్థిరపడింది. ఆ దూదే మాంచెస్టర్‌లో గుడ్డయి ఆంధ్ర దేశపు అంగళ్లకు తిరిగొచ్చింది. లింకన్ తప్పుపట్టిన రానూపోనూ మోత ఇక్కడ అచ్చంగా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, సుంకం వేసుకునే అధికారం అమెరికాకు ఉంది, ఇండియాకు లేదు. 1896లో దిగుమతి గుడ్డ మీద మూడున్నర శాతం సుంకం వేసిన బ్రిటిష్ ప్రభుత్వం, మాంచెస్టర్‌కు నష్టం రాకూడదని, ఇండియా మిల్లుల గుడ్డ మీద కూడా అంతే ఎక్సైజు వేసింది. అది 1926 దాకా పోలేదు.

లింకన్ పేరుతో ఎక్కువ ప్రచారమైంది ఈ కాగితాల్లోని మాట కాదు, ఆయన అననిది. తనకు సుంకాల గురించి పెద్దగా తెలియదని, విదేశంలో కొంటే సరుకు మనకు, డబ్బు వాళ్లకు పోతుందని, స్వదేశంలో కొంటే రెండూ మనకే ఉంటాయని ఆయన అన్నట్టు ఒక కథ 19వ శతాబ్దం చివర్లో పుట్టింది. కొన్ని పాఠాల్లో ఉక్కు రైలుపట్టాల ధరలు కూడా చేర్చారు. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాంక్ టాసిగ్ 1914లో దీని ఆనుపానులు వెతికి, కల్పన అని తేల్చాడు. అమెరికాలో మొదటి ఉక్కు పట్టాలు తయారైంది 1865 మేలో. లింకన్ పోయింది ఏప్రిల్ 15న. అయినా ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. అమ్మినవాడు డబ్బు తీసుకుని ఏం చేస్తాడు అన్న ప్రశ్న వేసుకుంటే చాలు, ఆ మాటలోని డొల్లతనం తెలిసిపోతుంది. అసలు కాగితాలు ఇంతకంటే ఎన్నో రెట్లు తెలివైనవి.

ఆ కాగితాల్లోంచి ఒక మాట మాత్రం లింకన్‌తో చివరిదాకా నడిచింది. 1865 మార్చి 4న రెండోసారి ప్రమాణం చేస్తూ, ఇతరుల ముఖాల చెమట నుంచి తమ రొట్టె పిండుకునేవాళ్లు దేవుడి సాయం కోరడం వింతగా ఉందని బానిసల యజమానులను ఉద్దేశించి అన్నాడు. 1847లో ఇనుము దిగుమతుల గురించి రాస్తూ పట్టుకున్న బైబిలు వాక్యమే అది. సుంకం కోసం మొదలుపెట్టిన ఆలోచన సుంకాన్ని వదిలేసి అసలు విషయానికి వచ్చింది. ఆయన రాతల మీద మక్కువ ఉన్నవాళ్లు ఈ తునకలను పక్కన పడెయ్యకపోవడానికి ఇదొక్కటే చాలు.

ఇక కాఫీ లెక్క సంగతి. 2025 ఆగస్టు 27న అమెరికా ఎన్నో భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాటిలో రొయ్యలున్నాయి. ఇండియా నుంచి ఎగుమతయ్యే గడ్డకట్టించిన రొయ్యలకు పెద్ద మార్కెట్టు అమెరికా, ఆ రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశ్. ఆ సుంకంలో అమెరికా హోటల్‌వాడి వాటా ఎంత, ఎగుమతిదారు వాటా ఎంత, భీమవరం చెరువు గట్టు మీద కౌంటు లెక్కన, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి, బేరమాడే రైతు వాటా ఎంత? సరుకు ఫ్రీజర్లో ఉంచుకోగలవాడు కొన్నాళ్లు ఆగగలడు. చెరువులో పెరిగిన వనామి రొయ్య ఆగదు, దాని మేత ఖర్చు ఆగదు. కాబట్టి మూడో సెంటు ఎటు జరుగుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లింకన్ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అర్థశాస్త్రం, కామర్సు చదివే విద్యార్థులు ఇనుము దగ్గర ఆగిపోకుండా ఆ కాఫీ పేరా దాకా చదవాలి, ఆ మూడు సెంట్ల స్థానంలో తమ జిల్లా సరుకు పెట్టి లెక్క వేసి చూడాలి.